విహారదర్శిని: చెరువుగట్ల వెంట శ్రీలంక

పదవీ విరమణకు చేరువవుతున్న సహోద్యోగులు, పిల్లల చదువులు ఒక దరికి చేరిన దంపతులు ఈ శీర్షికకు తరచుగా వేసే ప్రశ్న ఒకటున్నది. "ఒక్కసారైనా పరదేశం చూసి రావాలని ఉన్నది. ఎక్కువ దూరం పోలేము. అక్కడి ఎండ, తిండి మన ఒంటికి సరిపడాలి. చూడదగినవి పుష్కలంగా ఉండాలి. ఎక్కడికి వెళ్లమంటారు?" అని. మా సమాధానం శ్రీలంక.

చెన్నైలో విమానమెక్కితే దాదాపు గంటన్నరలో కొలంబో సమీపంలోని కటునాయక విమానాశ్రయంలో దిగవచ్చును. దేశం మొత్తం వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. అంటే తెలంగాణ రాష్ట్రంలో అరవై శాతం కూడా లేదు. ఇంత చిన్న నేలపై యునెస్కో గుర్తించిన ప్రపంచ వారసత్వ స్థలాలు 8 ఉన్నాయి. ఏడాది పొడుగునా ఎండ, అన్నం ప్రధానాహారం, కొబ్బరి, కరివేపాకు, మిరియాలు. ఇంతకంటె అనువైన పరదేశం మన కుటుంబాలకు మరొకటి దొరకదు.

అయితే చిక్కంతా ఆ చిన్నతనంలోనే ఉన్నది. "చిన్న దేశమే కదా, ఐదు రోజుల్లో మొత్తం చుట్టేద్దాం" అనిపిస్తుంది. యాత్రా సంస్థల వారు కూడా అదే అమ్ముతారు. ఒక ఊరిలో గంట, మరొక ఊరిలో అరగంట, నడుమ రత్నాల దుకాణం, సుగంధద్రవ్యాల తోట, బట్టల కొట్టు. తిరిగి వచ్చాక ఫోటోలు చూసుకుంటే ఏ స్తూపం ఏ ఊరిదో గుర్తుండదు. మన ఎల్.టి.సి. విదేశీ ప్రయాణానికి వర్తించదు గనుక ఈ ఖర్చంతా సొంత పొదుపులోనిదే. ఎన్నో ఏళ్లు కూడబెట్టిన సొమ్ముకు తగిన ఫలితం దక్కాలంటే యాత్రకు ఒక సూత్రం ఉండాలి. ఒక దారాన్ని పట్టుకొని, ఆ దారంపై ఉన్న ఊళ్లనే చూసి, మిగిలినవి నిస్సంకోచంగా వదిలివేయాలి. శ్రీలంక విషయంలో మేము సూచించే దారం నీరు.

నీటిబాట ఎందుకు?

శ్రీలంకలో నైరుతి భాగం తడినేల. తక్కిన ద్వీపంలో అధిక భాగం మెట్టనేల. అక్కడ వర్షం ప్రధానంగా అక్టోబరు నుండి జనవరి వరకు కురుస్తుంది. మిగిలిన కాలమంతా ఎండ. ఆ నాలుగు నెలల నీటిని పట్టి నిలిపితేనే వరి పండుతుంది. తెలంగాణ, రాయలసీమ పల్లెలలో పుట్టిన వారికి ఈ లెక్క విడమర్చి చెప్పనక్కరలేదు. విశేషమేమిటంటే, అనురాధపురం, పొలొన్నరువ అనే మహానగరాలు రెండూ ఈ మెట్టనేలలోనే వెలసినాయి. అంటే అక్కడి స్తూపాలకు, శిల్పాలకు, చిత్రాలకు వెనుక నిలిచినది చెరువు. దానిని చూడకుండా స్తూపాన్ని మాత్రమే చూచుట, యంత్రశాలను చూడకుండా విద్యుద్దీపాన్ని చూచినట్లే.

సింహళంలో చెరువును "వెవ" అంటారు. పాళీ భాషలోని "వాపి" దానికి మూలం. మన "బావి" కూడా ఆ వాపి నుండి వచ్చినదే. కనుక అక్కడి పటంలో ఏ పేరు చివరనైనా వెవ కనిపిస్తే, మన చుట్టపు మాటే అనుకోవచ్చును.

ఎనిమిది రోజుల ప్రణాళిక

మొదటి రోజు: విమానాశ్రయం నుండి నేరుగా అనురాధపురం చేరాలి. నాలుగైదు గంటల ప్రయాణం. సాయంకాలం వేరే ఏదీ పెట్టుకోకుండా తిస్స వెవ కట్టపై నడవాలి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో దేవానాంపియ తిస్స మహారాజు కాలంలో నిర్మించిన చెరువది. నేటికీ అందులో నీరున్నది.

రెండవ రోజు: పూర్తిగా అనురాధపురానికే. సంఘమిత్ర తెచ్చిన శాఖ నుండి పెరిగిన మహాబోధి వృక్షాన్ని ఉదయమే దర్శించాలి. మనుషులు నాటినట్లు చరిత్రలో నమోదైన చెట్లలో ఇంత పాతది మరొకటి లేదంటారు. తరువాత రువన్‌వెలి స్తూపం, జేతవన స్తూపం. మహాసేన మహారాజు 3వ శతాబ్దం చివరలో ఆరంభించిన జేతవన స్తూపం ఎత్తు తొలుత 122 మీటర్లు. ఆనాటి ప్రపంచంలో దానికంటె ఎత్తయిన కట్టడాలు గిజాలోని రెండు పిరమిడ్లు మాత్రమే. పిరమిడ్లు రాతివి, ఇది ఇటుకది. సివిలు విభాగపు మిత్రులు అక్కడ కనీసం గంటసేపు నిలబడక తప్పదు. సాయంత్రం కుట్టం పొకున అనే జంట కొలనులు. వాటిలోకి భూగర్భ కాలువ ద్వారా వచ్చే నీరు ముందుగా ఒక చిన్న తొట్టిలో నిలిచి, మట్టి అడుగున పేరుకొన్న తరువాతనే కొలనులోకి చేరుతుంది. మన నీటిశుద్ధి కేంద్రంలోని సెటిలింగ్ ట్యాంకు పని అదే కదా!

మూడవ రోజు: కలా వెవ. ఈ యాత్రకు గుండెకాయ ఈ చెరువే. 5వ శతాబ్దంలో ధాతుసేన మహారాజు దీనిని నిర్మించాడు. దీని నుండి అనురాధపురపు తిస్స వెవ వరకు సుమారు 87 కిలోమీటర్ల కాలువ త్రవ్వించాడు. జయగంగ, యోద ఎల అని దాని పేర్లు. మొదటి 17 మైళ్ల దూరంలో ఆ కాలువ వాలు మైలుకు 6 అంగుళాలు మాత్రమే. లెక్క కట్టండి: 17 మైళ్లలో మొత్తం దిగుడు ఎనిమిదిన్నర అడుగులు. మన క్వార్టర్లలో గది ఎత్తంత కూడా లేదు. మనకున్న లెవెలింగ్ పరికరాలేవీ లేని రోజులలో ఇంత సన్నని వాలును నిలబెట్టారు. పైగా కాలువకు ఒక్క ప్రక్కనే గట్టు ఉండేది. రెండవ ప్రక్క నేల సహజంగా ఎత్తు. ఆ వైపు నుండి జారివచ్చే వాన నీరు కూడా కాలువలోనే చేరేది.

ఇక్కడే తూము గురించి చెప్పాలి. పెద్ద చెరువులో నీటి ఒత్తిడి అధికం. కట్ట క్రింది గొట్టం ద్వారా నేరుగా విడిచిపెడితే ఆ వేగానికి కట్టే కోసుకుపోతుంది. అందుకు వారు కట్టలోపల, చెరువు వైపున, రాతితో కట్టిన చతురస్రపు గుంటను నిర్మించారు. దాని పేరు బిసో కొటువ. నీరు ఆ గుంటలోకి వచ్చి, ఉద్ధృతి తగ్గి, అక్కడి తలుపు అనుమతించినంత మేరకే బయటికి పోతుంది. బ్రిటిషు నీటిపారుదల ఇంజనీరు హెన్రీ పార్కర్ 1909లో ప్రచురించిన తన గ్రంథంలో, ఆధునిక వాల్వు టవరుకు ఇదే పూర్వరూపమని వివరించాడు.

ధాతుసేనుని కథ విషాదమైనది. కుమారుడు కాశ్యపుడు తిరుగుబాటు చేసి తండ్రిని బంధించాడు. దాచిన ధనమెక్కడ అని నిలదీశాడు. చూపుతానని ధాతుసేనుడు కలా వెవకు తీసుకుపొమ్మన్నాడు. నీటిలో దిగి స్నానం చేసి, దోసిట నీరెత్తి, తన ఆస్తి యావత్తూ ఇదేనన్నాడట. కోపించిన కుమారుడు అతనిని చంపించాడు. ఈ కథ వారి ప్రాచీన రాజచరిత్రలో ఉన్నది. కట్టమీద నిలబడి ఈ కథ విన్నవారికి మరునాడు సిగిరియా వేరుగా కనిపిస్తుంది. చెరువుకు దగ్గరలోనే ఔకన వద్ద దాదాపు 40 అడుగుల బుద్ధ విగ్రహం ఉన్నది. దానిని దర్శించి సాయంత్రానికి దంబుల్ల చేరవచ్చును. అక్కడి ఐదు గుహలలో పైకప్పు నిండా చిత్రాలే.

నాలుగవ రోజు: సిగిరియా. తండ్రిని చంపించిన కాశ్యపుడు, దేశాంతరం పోయిన సోదరుడు మొగ్గల్లానుడు ఎప్పుడు తిరిగివస్తాడోనని భయపడి, సుమారు 200 మీటర్ల ఎత్తయిన ఈ బండపై కోట కట్టుకొన్నాడని చరిత్ర. క్రీ.శ. 477 నుండి 495 వరకు అతని పాలన. ఉదయం ఏడు గంటలకే చేరితే ఎండ బాధ తగ్గుతుంది. మెట్లు సుమారు 1,200. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు ఎక్కలేదని విచారించనక్కరలేదు. ఇంజనీరు కంటికి అసలు విందు క్రిందనే ఉన్నది. బండ పాదాన పరచిన ఉద్యానవనంలో కొలనులు, భూగర్భ కాలువలు, రాతి పలకకు రంధ్రాలు తొలిచిన జలయంత్రాలు ఉన్నాయి. వానకాలంలో నీటిమట్టం పెరిగినపుడు ఆ ఫౌంటెన్లు నేటికీ చిమ్ముతాయి. పంపు లేదు, మోటారు లేదు. కేవలం ఎత్తు తేడా వల్ల కలిగే ఒత్తిడి. పైకి వెళ్లే దారిలో అద్దపు గోడపై శతాబ్దాల క్రితపు సందర్శకులు చిత్రాలలోని సుందరులనుద్దేశించి పద్యాలు గీసి పోయారు. సెనరత్ పరణవితాన వాటిలో 685 చదివి 1956లో ప్రచురించారు. ఆనాటివారు గోడమీద వ్రాశారు కదా అని మన పిల్లలు పేర్లు చెక్కరాదు. అది శిక్షార్హమైన నేరం.

ఐదవ రోజు: పొలొన్నరువ. 12వ శతాబ్దపు పరాక్రమబాహు మహారాజు రాజధాని. ఆయన పేరున్న పరాక్రమ సముద్రం కట్ట పొడవు సుమారు 14 కిలోమీటర్లు. వాన నీరు ప్రజలకు ఉపయోగపడకుండా కడలిలో కలియరాదన్నది ఆయన సంకల్పమని చెబుతారు. గల్ విహారలో ఒకే బండలో మలచిన నాలుగు బుద్ధ విగ్రహాలను తీరికగా చూడాలి. శయన విగ్రహం పొడవు 14 మీటర్లు. చోళుల నాటి రాతి శివాలయం కూడా ఇక్కడనే ఉన్నది.

ఆరవ రోజు: మిన్నేరియ మీదుగా కాండీ. మిన్నేరియ చెరువును కూడా మహాసేనుడే నిర్మించాడు. పరిసర గ్రామస్థులు ఆయనను "మిన్నేరి దేవియో" అనే పేర దేవునిగా కొలుస్తారు. చెరువు త్రవ్వించినందుకు దైవత్వం లభించడం నీటిపారుదల వృత్తిలోని వారందరికీ సంతోషదాయకమే. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో చెరువు వెనుదీసి, అడుగున పచ్చగడ్డి మొలిచినపుడు అడవి ఏనుగులు వందలుగా ఇక్కడికి చేరుతాయి.

ఏడవ రోజు కాండీ, ఎనిమిదవ రోజు తిరుగు ప్రయాణం. కాండీలో దంతధాతు ఆలయం, పేరాదెనియ వృక్షవాటిక చూడదగినవి. ఊరి నడుమనున్న సరస్సును త్రవ్వించిన శ్రీవిక్రమ రాజసింహుడు కాండీ చివరి రాజు. 1739 నుండి 1815 వరకు కాండీని ఏలిన నలుగురు రాజులు మధుర నాయకుల బంధువర్గం వారు, తెలుగు మూలాలు కలవారు. ఆంగ్లేయులు 1815లో చివరి రాజును పదవీచ్యుతుని చేసి వేలూరుకు పంపారు. 1832లో ఆయన అక్కడే మరణించాడు. మన బంధుత్వం అంతకంటె పాతది కూడా. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల నాటి నాగార్జునకొండలో సింహళ భిక్షువుల కోసం ఒక విహారం ఉండేదని అక్కడి శాసనం చెబుతున్నది. ఆ లోయ నేడు నాగార్జునసాగర్ జలాశయం క్రింద ఉన్నది. మునగక ముందే త్రవ్వి తీసిన కట్టడాలను కొన్నింటిని కొండపైన తిరిగి నిలిపారు.

గైడును ఎట్లా ఎంచుకోవాలి?

శ్రీలంక పర్యాటకాభివృద్ధి సంస్థ గైడులకు అనుమతిపత్రాలు ఇస్తుంది. దేశమంతటా చూపగలవారు కొందరు, ఒక్క స్థలానికే పరిమితమైనవారు కొందరు. కారు నడుపుతూ వివరించే "షోఫర్ గైడ్" నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి సరిపోతాడు. అనుమతిపత్రాన్ని చూపమని అడుగుట మర్యాదకు భంగం కాదు. బయలుదేరక ముందే మూడు విషయాలు కాగితంపై వ్రాసుకోవాలి. ఒకటి, ఏ రోజు ఏ చెరువు, ఏ ఆలయం. రెండు, దుకాణాల వద్ద ఆగేది మనమడిగితేనే. మూడు, ఒక పూటకు రెండు స్థలాలకు మించరాదు.

ఈ మూడవ షరతు అన్నింటికంటె ముఖ్యం. మా బృందంలోని తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒక కట్టపై గైడును అడిగింది, "మరి వరదతో వచ్చే మట్టితో చెరువు పూడిపోదా?" అని. ఆ పూట మాకు వేరే పని లేదు. ఆయన కారు త్రిప్పి ఒక చిన్న పల్లె చెరువు వద్దకు తీసుకుపోయాడు. చెరువుకు ఎగువన మట్టిని ఆపే గడ్డి పట్టీ, ఇంకా ఎగువన పూడికను పట్టే చిన్న గుంట, గాలిని ఆపే చెట్ల వరుస, కట్టకు దిగువన పొలాలలోకి ఉప్పు ఊరకుండా ఆపే చెట్ల గుబురు చూపించాడు. దిగువ చెరువులోకి ఎగువ చెరువు మిగులు నీరు చేరే విధం చూపించాడు. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువులకు సహోదరులవి. ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో ఈ పల్లె చెరువుల వ్యవస్థను ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ గంటన్నర ఏ యాత్రాపత్రికలోనూ లేదు. గైడుకు సమయమిస్తేనే ఆయనకు తెలిసినది మనకు దక్కుతుంది.

మరొక మాట. 2022లో ఆ దేశం తీవ్రమైన ఆర్థిక సంక్షోభానికి లోనైంది. పెట్రోలు కోసం ప్రజలు రోజుల తరబడి వరుసలలో నిలిచారు. యాత్రికులు లేక గైడులు, చిన్న వసతిగృహాల వారు ఎంతో నష్టపోయారు. స్థానిక గైడును నియమించుకొని, ఊరివారి వసతిగృహంలో బస చేస్తే మన రూపాయి నేరుగా వారి ఇంటికి చేరుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

చెరువులు నిండుగా చూడాలంటే జనవరి చివర నుండి మార్చి వరకు. ఏనుగుల కోసమైతే ఆగస్టు, సెప్టెంబరు. ఏప్రిల్ 13, 14 తేదీల ప్రాంతంలో వారి కొత్త సంవత్సరాది. దుకాణాలు మూసివేస్తారు, రోడ్లు క్రిక్కిరుస్తాయి. పున్నమి దినం "పోయ" సెలవు, ఆలయాలు కిటకిటలాడుతాయి. 2025 నవంబరు చివరలో వచ్చిన దిత్వా తుపాను వల్ల దేశమంతటా వరదలు, కొండచరియలు విరిగిపడుట సంభవించి, కొండప్రాంతపు రోడ్లు, రైలుమార్గాలు బాగా దెబ్బతిన్నాయి. కనుక టిక్కెట్టు కొనేముందు, ముఖ్యంగా కొండ రైలు ఎక్కదలచినవారు, ఆ మార్గం నడుస్తున్నదీ లేనిదీ విచారించుకోవాలి.

మరి రెండు బాటలు

ఎనిమిది రోజులు తీరికలేనివారు నాలుగు రోజులలో గాల్, కొలంబో చూసి రావచ్చును. గాల్ కోట పోర్చుగీసులు మొదలుపెట్టగా డచ్చివారు విస్తరించినది. 2004 సునామీలో కోటగోడలు లోపలి పట్టణాన్ని చాలావరకు కాపాడినాయి. రామాయణ స్థలాలు దర్శించగోరే పెద్దలకు నువర ఎలియ దగ్గరి సీతాఎలియలో సీతమ్మవారి ఆలయం, చిలాపం వద్ద మున్నేశ్వరం, త్రికోణమలైలో కోణేశ్వరం ఉన్నాయి. అయితే ఇవి మూడూ మూడు దిక్కులలో ఉన్నాయి. అన్నీ ఒకే వారంలో కుదించితే పెద్దల ఒళ్లు హూనమవుతుంది. రెండింటితో తృప్తిపడుట మేలు.

గుర్తుంచుకోవలసినవి

ఆలయాలలో భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చెప్పులు, టోపీలు తీసివేయాలి. మధ్యాహ్నం రాతిపై పాదాలు కాలుతాయి. మందపాటి మేజోళ్లు తీసుకెళ్లండి. బుద్ధ విగ్రహానికి వీపు చూపుతూ ఫోటో దిగడం వారి మనసును నొప్పిస్తుంది. సిగిరియాలో కందిరీగలున్న చోట్ల నిశ్శబ్దం పాటించాలి. ప్రాచీన స్థలాల ప్రవేశరుసుములో సార్క్ దేశాల వారికి తగ్గింపు ఉంటుంది. పాస్‌పోర్టు చేతనుంచుకొని టిక్కెట్టు కొనేముందే అడగాలి. శాకాహారులకు ఇడియాప్పం, ఆప్పం, పప్పు, కొబ్బరి పచ్చడి ఎక్కడైనా దొరుకుతాయి. అయితే కొబ్బరి పచ్చడిలో ఎండుచేప పొడి కలపడం అక్కడ మామూలు; ముందుగా అడగండి. మట్టిమూకుడులో తోడుపెట్టిన గేదెపెరుగుపై జీలుగు పాకం పోసి ఇస్తారు. దానిని మాత్రం వదలకండి.

వీసా నిబంధనలు తరచుగా మారుతున్నాయి కాబట్టి ప్రయాణానికి నెలరోజుల ముందు మరొకసారి సరిచూసుకోవాలి. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. విదేశీ ప్రయాణానికి సంస్థ అనుమతి అవసరమని మరువరాదు. సెలవు దరఖాస్తుతో పాటే దానిని కూడా పర్సనల్ విభాగానికి పంపితే చివరి నిమిషపు ఆందోళన తప్పుతుంది.

చివరగా పిల్లలున్న కుటుంబాలకు ఒక సూచన. కలా వెవ, పరాక్రమ సముద్రం శతాబ్దాల తరబడి ఆలనాపాలనా లేక అడవి పాలైనవే. మరమ్మతు చేసి తిరిగి నింపినందువల్లనే నేడు అవి నీటితో కనిపిస్తున్నాయి. ఈ సంగతి అక్కడ చూచేముందు ఇక్కడ చూపండి. బయలుదేరే ముందు ఒక ఆదివారం పిల్లలను మీ ఊరి చెరువుకు తీసుకువెళ్లి కట్ట, తూము, అలుగు ఏవో గుర్తుపట్టించండి. పూడిక ఎంత నిండినదో, వరదకాలువను ఎక్కడ ఆక్రమించారో చూపండి. అది తెలిసిన పిల్లలు కలా వెవ కట్టపై నిలబడినపుడు గైడును మనకంటె మంచి ప్రశ్నలు అడుగుతారు.

వచ్చే వేసవిలోగా ఈ బాటన వెళ్లివచ్చిన కుటుంబాలు తమ ఖర్చుల వివరాలు, బస చేసిన చోట్ల అనుభవాలు ఈ శీర్షికకు వ్రాసి పంపితే, తరువాత వెళ్లేవారికి ఉపయోగకరంగా ప్రచురిస్తాము. శుభయాత్ర.